బైబిలు పీరియడ్: బందరు నుంచి టెక్సాస్ దాకా

స్వర్ణోత్సవ సంచికకు బడి చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. హెడ్మాస్టర్ల గురించి, పాత భవనం గురించి, ఫుట్‌బాల్ జట్టు గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మన టైం టేబుల్లో ఉన్న ఒకే ఒక్క పీరియడ్ గురించి రాస్తాను. పరీక్షల్లో మార్కులు లేని పీరియడ్ అది. క్రైస్తవ పిల్లలు ఒక గదిలో బైబిలు, మిగతావాళ్లు పక్క గదిలో నీతిబోధ. ఏ గదిలో ఎక్కువ అల్లరి జరిగేదో నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు దీని మీదికి ధ్యాస పోవడానికి ఒక కారణం ఉంది. మా చెల్లెలి కుటుంబం టెక్సాస్‌లో ఉంటుంది. మేనకోడలు చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే చదువుతోంది, ఈ ఏడాది పన్నెండో తరగతి. లెక్కలకు, ఫిజిక్స్‌కు పుస్తకాలు దొరికాయి. బైబిలు దగ్గర ఆగిపోయారు. ఇంట్లో అది కూడా ఒక సబ్జెక్టే. పిల్ల ఒకటే అడిగింది: "మామయ్యా, నాకు తెలిసిన కథలే మళ్లీ చెప్పే కోర్సు వద్దు. కష్టమైనది కావాలి." తల్లిదండ్రులు చూసిన కోర్సులేవీ ఆ పిల్లకు ఆనలేదు. చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు నాకుందని వాళ్లకు తెలుసు కాబట్టి ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. కష్టమైన బైబిలు పాఠం అంటే ఏమిటి? మన ప్రాంతపు బడులు ఈ ప్రశ్నతో దాదాపు రెండు వందల ఏళ్లుగా కుస్తీ పడుతున్నాయి.

ముందు ఒక తగాదా చెప్పాలి. 1846లో మద్రాసు గవర్నరుగా ఉన్న మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్, ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును తరగతి పుస్తకంగా పెట్టాలని ప్రతిపాదించాడు. దాన్ని ఎదిరించినవాళ్లకు ముందు నిలబడింది మన తెలుగువాడే, గాజుల లక్ష్మీనరసు శెట్టి. వ్యాపారి. 'క్రెసెంట్' పత్రిక నడిపినవాడు, తరవాత 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టినవాడు. ఆయనా, ఆయన మిత్రులూ మద్రాసులో సభ పెట్టి నిరసన తెలిపారు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు కూడా గవర్నరు మాట ఒప్పుకోలేదు. తరవాత 1854 నాటి వుడ్ డిస్పాచ్ ఒక మధ్యేమార్గం చెప్పింది. ప్రభుత్వ బడుల్లో బైబిలు లైబ్రరీలో ఉంటుంది, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. పిల్లవాడు తనంతట తాను సందేహం అడిగితే ఉపాధ్యాయుడు జవాబు చెప్పవచ్చు, కాకపోతే బడి వేళలు అయిపోయాక. ఈ షరతు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ప్రశ్న పిల్లవాడి నుంచే రావాలి! ఆ రోజుల్లో ఇది తలనొప్పి తప్పించుకోవడానికి దొరలు వేసుకున్న ఎత్తే కావచ్చు. అయినా ఒక మంచి పాఠ్యప్రణాళికకు అంతకంటే మంచి మొదటి సూత్రం నాకు కనిపించలేదు.

మిషన్ బడులకు ఆ షరతు వర్తించదు. అక్కడ బైబిలు పాఠం అందరికీ. వాటిలో మనకు దగ్గరది బందరు. రాబర్ట్ నోబుల్ 1841లో వచ్చి, తెలుగు నేర్చుకుని, 1843 నవంబరులో ఇంగ్లీషు బడి తెరిచాడు. మొదటి రోజు విద్యార్థులు ఇద్దరే అంటారు. ఉద్యోగాలకు ఇంగ్లీషు కావాలి కాబట్టి అగ్రకులాల పిల్లలు చేరారు, బైబిలు పాఠాన్ని సహించారు. సహించారు అన్న మాట ఊరికే వాడలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు, మంచాల రత్నం, ఐనాల భూషణం, బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. మెల్లగా మళ్లీ నిండింది. నోబుల్ ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లకుండా 1865లో బందరులోనే పోయాడు. ఆ పట్టుదలకు నమస్కారం పెట్టవచ్చు. కానీ ఆ బడిలో చాలాకాలం మాల మాదిగ పిల్లలకు చోటు లేదన్న సంగతి కూడా అదే ఊపిరిలో చెప్పాలి.

ఆ పిల్లలకు బైబిలు వేరే దారిలో, తెలుగులో వచ్చింది. గుంటూరులో 1842 నుంచి లూథరన్లు, ఒంగోలు వైపు బాప్టిస్టులు పల్లె పల్లెకూ చిన్న బడులు పెట్టారు. కరువు వెనకాలే 1878 జులైలో ఒక్క రోజున 2,222 మందికి ఒంగోలు మిషన్ బాప్తిస్మం ఇచ్చింది. అంతమందికి వాక్యం అందాలంటే ముందు అక్షరం రావాలి. అందుకని ఆ పల్లెబడుల్లో బైబిలు మతగ్రంథమే కాదు, చదవడం నేర్చుకునే వాచకం కూడా. కంఠత పట్టడం అక్కడ పద్ధతి అయింది. పుస్తకం కొనలేని ఇంట్లో కంఠస్థం చేసినదే పుస్తకం. మన కాలం దాకా వచ్చిన బంగారు వాక్యాలు, బైబిలు క్విజ్‌లు, వాక్యం అప్పజెప్పితే ఇచ్చే పెన్సిళ్లు, వీటన్నిటికీ వేరు అదే. ఈ పద్ధతిని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను. గుంటూరు లూథరన్ మిషన్ బడిలో కొంతకాలం పనిచేసిన జాషువా పద్యంలో 'క్రీస్తు చరిత్ర' రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చిన్నప్పుడు చెవిలో పడి నిలిచిపోయిన కథ ఎప్పుడు ఏ రూపంలో బయటికొస్తుందో ఎవరు చెప్పగలరు? అయితే పదిహేడేళ్ల పిల్ల కష్టమైనది కావాలని అడిగితే ఇంకో నూరు వాక్యాలు ఇవ్వడం జవాబు కాదు.

మూడో పద్ధతి మద్రాసు క్రిస్టియన్ కాలేజీది. దాన్ని పెద్దది చేసిన విలియం మిల్లర్ 1862లో వచ్చాడు. వచ్చినవాళ్లందరికీ బాప్తిస్మం ఇవ్వడం కాలేజీ పని కాదనీ, క్రైస్తవ ఆలోచన సమాజంలోకి మెల్లగా ఇంకాలనీ ఆయన వాదం. తోటి మిషనరీలకే ఇది రుచించలేదు. ఆ కాలేజీలోనే మన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు చదివారు. క్రైస్తవులు కాలేదు. బ్రహ్మసమాజికులై కాకినాడలో ఒక తరాన్ని తయారుచేశారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మనిషి మాత్రం సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణి తెలుగు కుటుంబం. వెల్లూరు వూర్హీస్ కాలేజీ, తరవాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ, రెండూ మిషన్‌వే. హిందూమతం మీద అక్కడి గురువులు చేసిన విమర్శ ఆయనను కలవరపెట్టింది. ఆ కలవరమే తన మతాన్ని మూలాల నుంచి చదివేలా చేసిందని తరవాత ఆయనే రాసుకున్నారు. 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతిశాస్త్రం మీద వ్యాసం రాశారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు అది జవాబు. దాన్ని మెచ్చుకున్నది ఎవరు? ఆ విమర్శ చేసిన వర్గానికే చెందిన ప్రొఫెసర్ ఎ.జి. హాగ్. శిష్యుడు తనతో విభేదించి రాసినదాన్ని చదివి, బాగుంది అనగలిగిన గురువు.

నేను కాంక్రీటుతో పనిచేసే ఇంజనీరును. మా దగ్గర క్యూబులు పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతాం. పగలగొట్టకుండా బలం ఎంతో చెప్పలేం. హాగ్ తరగతి అలాంటిది. కాకపోతే అక్కడ నలిగింది శిష్యుడి నమ్మకం ఒక్కటే కాదు, గురువుగారిది కూడా.

స్వాతంత్ర్యం వచ్చాక 1950 నాటి రాజ్యాంగం 28వ అధికరణంతో ఈ తగాదాను చట్టంగా తేల్చింది. ప్రభుత్వ గుర్తింపు, గ్రాంటు ఉన్న బడిలో మతబోధకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మనకు రెండు గదులు రావడం వెనక ఉన్నది ఇదే. అది న్యాయం. కానీ దానివల్ల ఒక నష్టం కూడా జరిగిందని నా అభిప్రాయం. బైబిలు గదిలో అందరూ ఒప్పుకునేవాళ్లే మిగిలారు. అడ్డు ప్రశ్న వేసేవాళ్లు పక్క గదిలో నీతికథలు వింటున్నారు. మనకు పాఠం సులువైపోయింది.

అమెరికాలో కథ ఇంకో రకంగా నడిచింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ప్రతి ఉదయం ప్రభుత్వ బడిలో కనీసం పది బైబిలు వచనాలు చదవాలి, వ్యాఖ్యానం లేకుండా. గమనించండి, వివరించకూడదు! 1956లో ఎలరీ షెంప్ అనే పదహారేళ్ల కుర్రాడు ఆ వేళలో ఖురాన్ తెచ్చుకుని చదువుకుంటూ కూర్చున్నాడు. ఆ నిరసన కోర్టుకెక్కి 1963లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భక్తిక్రియగా బైబిలు పఠనం ప్రభుత్వ బడిలో చెల్లదని 8–1తో తీర్పు వచ్చింది. అదే తీర్పులో జస్టిస్ టామ్ క్లార్క్, సాహిత్యంగా, చరిత్రగా బైబిలును చదవడానికి అభ్యంతరం లేదని స్పష్టంగా రాశాడు. మొదటి సగం అందరికీ గుర్తుంది. రెండో సగాన్ని పట్టించుకున్న బడులు తక్కువే. బడిలో దేవుడు లేడని కొన్ని కుటుంబాలు, బడి బాగోలేదని మరికొన్ని కుటుంబాలు పిల్లల్ని ఇంటికి తెచ్చుకోవడం 1970ల నుంచి పెరిగింది. 1993 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకు చట్టబద్ధత వచ్చింది. టెక్సాస్‌లో 1994లో లీపర్ కేసు తీర్పు ఇంటి బడిని ప్రైవేటు బడితో సమానం చేసింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం చెబితే చాలు. బైబిలు పాఠం ఎలా ఉండాలో చెప్పే గవర్నరు లేడు, డిస్పాచ్ లేదు. తల్లీతండ్రే విద్యాశాఖ.

ఆ స్వేచ్ఛతోనే చిక్కు వచ్చింది. ఇంటి బడుల కోసం అమ్మే బైబిలు కోర్సులు అక్కడ కుప్పలు. పన్నెండో తరగతికి వచ్చేసరికి ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి, ఆదికాండము నుంచి ప్రకటన దాకా ఏడాదిలో పరుగెత్తించి ఖాళీలు పూరించమనేది. రెండోది, యూనివర్సిటీకి వెళ్లాక నాస్తిక ప్రొఫెసరు ఇది అంటే నువ్వు అది అను అని జవాబులు నేర్పేది. మా చెల్లెలి భర్త రెండోది కావాలన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. వచ్చే ఆగస్టులో పిల్ల ఇల్లు వదిలి వెళ్తుంది. ఇంట్లో ఇన్నేళ్లు కట్టినది అక్కడ ఒక సెమిస్టర్లో కూలిపోతే? ఆయన స్నేహితుల ఇళ్లలో అలా జరిగింది. "బావగారూ, మీరు చరిత్ర అంటున్నారు, నేను నా కూతురు గురించి మాట్లాడుతున్నాను" అన్నారు ఫోన్‌లో. దానికి తేలికైన జవాబు లేదు.

నేను చెప్పింది ఇది. జవాబులు ముందే ఇచ్చే కోర్సు చూడటానికి కష్టంగా ఉంటుంది, పెద్ద పెద్ద పదాలు ఉంటాయి, కానీ అందులో పిల్ల చేసే పని కంఠత పట్టడమే. వాక్యాలకు బదులు వాదనలు. ఎదుటివాడు పుస్తకంలో లేని ప్రశ్న వేస్తే అక్కడితో సరి. పల్లెబడిలో కంఠతకు ఒక కారణం ఉంది. ఇక్కడ ఏ కారణమూ లేదు.

రెండు వారాల తగువు తరవాత కుదిరిన ఏర్పాటు ఇలా ఉంది. కొన్న కోర్సు ఏదీ లేదు. ఏడాదికి మూడు గ్రంథాలే: మార్కు సువార్త, యోబు, రోమా పత్రిక. మొదట గ్రంథం మొత్తం ఒకే కూర్పులో చదవాలి. మార్కు 16 అధ్యాయాలు, గంటన్నర పడుతుంది. చిన్నప్పటి నుంచీ ముక్కలుగా విన్నవాళ్లకు ఇదే మొదటి దెబ్బ. తరవాత వ్యాఖ్యాన గ్రంథాలు ముట్టకుండా తాను చూసినవి, అర్థం కానివి నోటుపుస్తకంలో రాయాలి. ఆ తరవాతే ఇతరుల మాట. ప్రతి గ్రంథం చివర ఒక పెద్ద వ్యాసం. పక్కన గ్రీకు అక్షరాలు, మేచన్ 1923లో రాసిన పాత వ్యాకరణం నుంచి మొదటి కొన్ని పాఠాలు. ఇంకా యేల్ యూనివర్సిటీ ఉచితంగా పెట్టిన క్రిస్టీన్ హేస్ పాత నిబంధన ఉపన్యాసాలు, మొత్తం 24.

గొడవ ఈ చివరిదాని దగ్గరే. మోషే పంచకం అనేక చేతుల కూర్పు అని ఆ ఉపన్యాసాల్లో వివరంగా చెబుతారు. ఇంట్లో నేర్పింది అది కాదు. తండ్రి ససేమిరా అన్నారు. చివరికి పిల్లే దారి చెప్పింది: "డాడీ, మీరూ నాతో కూర్చుని వినండి. మీకు నచ్చిన పుస్తకం నేనూ చదువుతాను." ఆయన ఈజిప్టు చరిత్ర పండితుడు కెన్నెత్ కిచెన్ 2003లో పాత నిబంధన విశ్వసనీయత మీద రాసిన లావుపాటి పుస్తకం తెప్పించారు. శనివారం ఉదయం ఇద్దరూ విని, చదివి, పోట్లాడుకుంటారు. కాఫీ కలిపి ఇచ్చి రెండు వైపులా ఎగదోసే పని మా చెల్లెలిది.

నేను కలిపింది ఒకటే, తెలుగు. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది, చదవడం నిదానం. అందుకని ఆదివారం సాయంత్రాలు మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, గుంటూరు నుంచి వీడియో కాల్‌లో అదే అధ్యాయం తెలుగులో చదివి వినిపిస్తుంది. సగం చూడకుండానే చెప్పేస్తుంది. కంఠత పాఠం ఏమిటో నా మేనకోడలికి అప్పుడు తెలిసింది. మార్కు మొదటి అధ్యాయంలోనే ఆగింది. యోహాను బోధించిన చోటు ఇంగ్లీషులో బీడు ప్రదేశం, తెలుగులో 'అరణ్యము'. "అడవి అంటే చెట్లుండాలి కదా అమ్మమ్మా, యూదయలో చెట్లెక్కడివి?" అని అడిగింది. మా అమ్మ డెబ్బై ఏళ్లుగా ఆ చోటును చెట్లతోనే ఊహించుకుంటోందట!

ఆ ఒక్క మాట మీదే మార్కు వ్యాసం రాసింది. తెలుగు బైబిలు చరిత్ర కొంత నేను చెప్పాను. మద్రాసులో బెంజమిన్ షుల్ట్జ్ 1730ల ప్రాంతంలో తెలుగులోకి అనువదించినా అది అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్‌లు ఆనందరాయరు అనే తెలుగు పండితుడి సాయంతో సువార్తలు మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు చనిపోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. మిగతాది తాను వెతుక్కుంది. సంస్కృతంలో 'అరణ్యం' అసలు అర్థం ఊరికి దూరంగా ఉన్న పరాయి నేల, సాగు లేని చోటు. చెట్లు తరవాత వచ్చాయి. గ్రీకు మాట 'ఎరేమోస్' కూడా మనుషులు లేని చోటే. కాబట్టి ఆ మాట పెట్టిన పండితులు తప్పు చేయలేదు, వాళ్ల తరవాత మాటే మారింది అని తేల్చింది. పదకొండు పేజీలు. సివిల్ ఇంజనీరుకు భాషాశాస్త్రం దిద్దే అర్హత లేదు కానీ మార్కులు నేనే వేశాను.

ఇప్పుడు యోబులో ఉన్నారు. ఇక్కడ అసలు కష్టం వచ్చింది. మనవాళ్ల ఇళ్లలో కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద, దుకాణాల ప్రారంభోత్సవాల ఆహ్వానాల మీద అచ్చువేసే ఒక వాక్యం మీకు తెలుసు. మొదలు చిన్నదైనా చివరికి గొప్ప వృద్ధి కలుగుతుందన్న వాగ్దానం, యోబు 8వ అధ్యాయంలోది. టెక్సాస్‌లో వాళ్ల వంటింట్లో కూడా గుంటూరు నుంచి వెళ్లిన క్యాలెండర్ మీద అదే ఉంది. గ్రంథం మొత్తం ఒక్కసారిగా చదివిన పిల్ల అడిగింది: ఆ మాట అన్నది దేవుడు కాదు, బిల్దదు. పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు అన్న నోటితోనే అన్నాడు. 42వ అధ్యాయంలో దేవుడు ఆ ముగ్గురు స్నేహితులూ సరిగా మాట్లాడలేదని కోప్పడ్డాడు. మరి ఇది మనకు వాగ్దానం ఎలా అయింది?

వాళ్ల నాన్న ఆ శనివారం జవాబు చెప్పలేదు. తరవాతి వారం చెప్పారు, తన తండ్రి పోయిన ఏడు ఆ వాక్యం మీదే తాను నిలబడ్డానని. పిల్ల ఆ మాటను కొట్టిపారేయలేదు. నోటుపుస్తకంలో రాసుకుంది, బిల్దదు మాట తప్పు చోట అన్న నిజమా, లేక అబద్ధమా అని కింద ప్రశ్న వేసుకుంది. వ్యాసం ఇంకా పూర్తి కాలేదు. చివరికి యోబు సంపద రెండింతలైంది కాబట్టి బిల్దదు చెప్పినట్లే జరిగింది కదా అని మా అమ్మ గుంటూరు నుంచి ఇంకో మెలిక పెట్టింది.

క్యాలెండర్ గోడమీదే ఉంది. రోమా పత్రిక ఫిబ్రవరిలో మొదలవుతుంది. దానికి ప్రశ్నలు తయారుచేసి పంపమని ఈసారి అడిగింది వాళ్ల నాన్నే. మన బడి బైబిలు పీరియడ్‌లో కూర్చున్నవాళ్లూ, పక్క గదిలో కూర్చున్నవాళ్లూ కూడా ఎవరికి తోచిన ప్రశ్న వాళ్లు నాకు పంపితే వాటికి జతచేస్తాను.